ప్రెషరైజ్డ్ ఇన్‌హేలర్: ముందే నిండి ఉండే మోతాదు, దాన్ని సరిగ్గా నింపే పద్ధతి

ఇన్‌హేలర్‌ను ఈ ఉదయం నొక్కితే వచ్చే మందు చాలా రకాల వాల్వుల్లో నిన్న రాత్రే కొలతకు చేరి ఉంటుంది. నిన్న నొక్కి వేలు వదిలిన క్షణంలో వాల్వ్‌లోపలి చిన్న గది మళ్ళీ నిండింది. రాత్రంతా ఆ ద్రవం అక్కడే ఉంది. ఈ తరహా మీటర్డ్ డోస్ ఇన్‌హేలర్ (నొక్కిన ప్రతిసారీ కొలిచిన మోతాదునిచ్చేది) తయారుచేసేవాళ్ళు, పరీక్షించేవాళ్ళు, రోగికి వాడకం నేర్పేవాళ్ళు ముందుగా పట్టుకోవలసిన సంగతి ఇదే. ఫార్ములా ఎంపిక, డబ్బా లోపలి పూత, వాడేముందు ఊపమనే సూచన, అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఆ గది నిండే క్షణంలో దాని ముంగిట ఉన్న ద్రవంలో మందు ఎంత సమంగా కలిసి ఉందో, మోతాదు అంత నికరంగా ఉంటుంది.

1956లో అమెరికాలో రైకర్ సంస్థ తొలిసారి ఈ తరహా ఇన్‌హేలర్‌ను అమ్మకానికి తెచ్చింది. తర్వాత గ్యాసులు మారాయి, ప్లాస్టిక్ మారింది, మిగిలిన పఫ్‌లను లెక్కపెట్టే మీటర్ వచ్చింది. కొలత గది మీద ఆధారపడే సూత్రం మాత్రం అలాగే ఉంది.

భాగాలు, వాటి పని

డబ్బా సాధారణంగా అల్యూమినియంది. పట్టే ద్రవం 10 నుంచి 20 మిల్లీలీటర్లు. దాని మూతి మీద మీటరింగ్ వాల్వ్‌ను పెట్టి అంచును లోపలికి నొక్కి బిగిస్తారు. దీన్నే క్రింపింగ్ అంటారు. వాల్వ్‌లో కొలత గది, దాన్ని దాటి వెళ్ళే బోలు కాడ (స్టెమ్), ఒక స్ప్రింగ్, రెండు మూడు రబ్బరు గాస్కెట్లు ఉంటాయి. కొలత గది పరిమాణం 25 నుంచి 100 మైక్రోలీటర్లు. 50, 63 మైక్రోలీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి. ఈ డబ్బాను తలకిందులుగా ప్లాస్టిక్ యాక్చువేటర్‌లో (నోట్లో పెట్టుకునే తొడుగులో) దించుతారు. కాడ కొస యాక్చువేటర్ అడుగున ఉన్న దిమ్మెలో కూర్చుంటుంది. దిమ్మెలో ఒక చిన్న గుంట, గుంట నుంచి నోటివైపు సన్నటి రంధ్రం ఉంటాయి. రంధ్రం వ్యాసం 0.14 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

నొక్కినప్పుడు జరిగేది ఈ వరసలో ఉంటుంది. కాడ లోపలికి కదులుతూ ముందు కొలత గదికీ డబ్బాకూ మధ్య దారిని మూసేస్తుంది. ఇంకాస్త కదిలాక కాడ పక్కనున్న రంధ్రం గాస్కెట్ దాటి గదిలోకి తెరుచుకుంటుంది. పీడనంలో ఉన్న ద్రవం ఒక్కసారిగా కాడలోకి, గుంటలోకి దూసుకొచ్చి అక్కడే మరగడం మొదలెడుతుంది. ఆవిరి, ద్రవం కలిసిన ఆ నురగ సన్నటి రంధ్రంలోంచి చీలుకుంటూ తుంపరగా బయటపడుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతులో అయిపోతుంది. తొలి చుక్కలు పెద్దవి, పదుల మైక్రాన్లలో ఉంటాయి. గాలిలో ప్రొపెల్లెంట్ (మందును బయటికి తోసే ద్రవీకరించిన గ్యాసు) ఆవిరైపోతున్న కొద్దీ కుదించుకుపోతాయి. వేలు వదిలితే స్ప్రింగ్ కాడను వెనక్కి తోస్తుంది. బయటి దారి మూసుకున్నాకే లోపలి దారి తెరుచుకుంటుంది, గది తిరిగి నిండుతుంది. రెండు దారులూ ఒకేసారి తెరుచుకునే వాల్వ్‌ను కొలత వాల్వ్ అనడానికి వీల్లేదు. గాస్కెట్ ఉబ్బి కొలతలు మారితే దాదాపు ఆ పరిస్థితే వస్తుంది. అందుకే గాస్కెట్ రబ్బరు ఎంపికకు ఫార్ములాతో సమానమైన ప్రాముఖ్యం ఇవ్వాలి.

ప్రొపెల్లెంట్ ఎందుకు ద్రవంగానే ఉండాలి

నైట్రోజన్ లాంటి గ్యాసును ఒత్తి నింపితే వాడే కొద్దీ పీడనం పడిపోతుంది, చివరి మోతాదులు నీరసంగా వస్తాయి. ద్రవీకరించిన గ్యాసుతో ఆ ఇబ్బంది లేదు. డబ్బాలో చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకూ పైనున్న ఆవిరి పీడనం ఆ ఉష్ణోగ్రతకు తగ్గట్టు స్థిరంగా ఉంటుంది. ఇన్‌హేలర్లలో వాడే ప్రొపెల్లెంట్ హెచ్‌ఎఫ్‌ఏ 134ఎ మరిగే స్థానం మైనస్ 26 డిగ్రీల సెల్సియస్. 20 డిగ్రీల వద్ద దాని ఆవిరి పీడనం దాదాపు 5.7 బార్. హెచ్‌ఎఫ్‌ఏ 227 మైనస్ 16 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పీడనం 3.9 బార్. చలి ఈ అంకెలను బాగా దించుతుంది. సున్నా డిగ్రీల వద్ద 134ఎ పీడనం 3 బార్‌కు కాస్త లోపే. చలిలో ఉంచిన ఇన్‌హేలర్ ముతక తుంపర ఇవ్వడానికి కారణం ఇదే. ఎండలో వదిలిన కారులో ఉన్నప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది: 50 డిగ్రీలకు పీడనం 13 బార్ దాటుతుంది.

1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఓజోన్‌ను దెబ్బతీసే పాత ప్రొపెల్లెంట్లైన సీఎఫ్‌సీల నుంచి హెచ్‌ఎఫ్‌ఏలకు మారాల్సి వచ్చింది. అప్పుడు చాలా ఫార్ములాలు పనికిరాకుండా పోయాయి. ఓలియిక్ ఆమ్లం, లెసిథిన్, సార్బిటన్ ట్రైఓలియేట్ లాంటి సర్ఫ్యాక్టెంట్లు (రేణువులు ముద్దకట్టకుండా చూసే పదార్థాలు) సీఎఫ్‌సీలో హాయిగా కరిగేవి. హెచ్‌ఎఫ్‌ఏలో ఇథనాల్ తోడు లేనిదే అవి సరిగ్గా కరగవు. పైగా గది ఉష్ణోగ్రతకు కాస్త పైన మరిగే సీఎఫ్‌సీ 11లో మందును కలిపి ముద్ద చేసుకునే వెసులుబాటు కూడా పోయింది.

ఇప్పుడు అలాంటి మార్పే మరోసారి వస్తోంది. 134ఎ భూతాపాన్ని పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 1,300 రెట్లకు పైనే. దానికి ప్రత్యామ్నాయమైన హెచ్‌ఎఫ్‌ఏ 152ఎది అందులో సుమారు పదో వంతు. హెచ్‌ఎఫ్‌ఓ 1234జెడ్‌ఈది దానికంటే చాలా తక్కువ. అయితే 152ఎ మండే గ్యాసు. నింపే గది మొత్తాన్ని పేలుడు నిరోధక ఏర్పాట్లతో కట్టుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. 20 డిగ్రీల దగ్గర 134ఎ సాంద్రత మిల్లీలీటరుకు 1.22 గ్రాములైతే 152ఎది 0.91 మాత్రమే. దీంతో ఏమవుతుందో కింది లెక్కల్లో తేలుతుంది.

సస్పెన్షనా, ద్రావణమా

ఇక్కడే అసలు నిర్ణయం. మందు ప్రొపెల్లెంట్‌లో కరగక రేణువులుగా తేలియాడితే సస్పెన్షన్. ఆస్తమా మందు సల్బుటమాల్ సల్ఫేట్ అలాంటిది. ఇథనాల్ సాయంతో పూర్తిగా కరిగితే ద్రావణం. స్టెరాయిడ్ మందు బెక్లోమెథాసోన్ డైప్రోపియోనేట్ అందుకు మంచి ఉదాహరణ. సగం సగంగా కరిగేదే ప్రమాదకరం. చిన్న రేణువులు కరిగి ఆ పదార్థం పెద్ద రేణువుల మీద పేరుకుంటుంది. రోజూ ఎండ, రాత్రి చలి తగులుతుంటే ఈ పెరుగుదల ఇంకా వేగంగా సాగుతుంది. తయారైన రోజు 3 మైక్రాన్లున్న రేణువులు కొన్ని నెలలకు ఊపిరితిత్తికి చేరలేనంత పెద్దవవుతాయి. కాబట్టి మందు ప్రొపెల్లెంట్‌లో ఎంత కరుగుతుందో ముందు కొలవండి, ఇథనాల్ కలిపితే ఎంత పెరుగుతుందో తర్వాత కొలవండి. సస్పెన్షన్‌లో ‘కొంచెం ఇథనాల్ వేస్తే సర్ఫ్యాక్టెంట్ కరుగుతుంది’ అని తొందరపడితే మందు కూడా కొంచెం కరిగి కూర్చుంటుంది.

సస్పెన్షన్‌కు రేణువులను జెట్ మిల్లులో 1–5 మైక్రాన్లకు నలగ్గొట్టాలి. నలిగిన రేణువు ఉపరితలం మీద స్ఫటికరూపం చెదిరిన చోట్లుంటాయి. వాటిని నియంత్రిత తేమలో ఉంచి కుదుటపరచకుండా నేరుగా డబ్బాలో వేస్తే అవి అక్కడ తిరిగి స్ఫటికాలవుతూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

సాంద్రత సంగతి చూద్దాం. సల్బుటమాల్ సల్ఫేట్ సాంద్రత సుమారు 1.3. 134ఎలో మెల్లగా మునుగుతుంది. 227 సాంద్రత 1.4 కాబట్టి అందులో పైకి తేలుతుంది. ప్రొపెల్లెంట్ల చిక్కదనం నీటిలో ఐదో వంతే కావడంతో ఈ కదలిక వేగంగానే ఉంటుంది. 134ఎలో విడిగా ఉన్న 3 మైక్రాన్ల రేణువు నిమిషానికి దాదాపు 0.14 మిల్లీమీటర్లు దిగుతుంది. వేగం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 మైక్రాన్ల గట్టి ముద్దగా కలిస్తే నిమిషానికి 14 మిల్లీమీటర్లు! ఊపి పక్కన పెట్టి, ఊపిరి వదిలి, నోట్లో పెట్టుకునేలోపే మందు వాల్వ్ దగ్గర గుట్టగా చేరుతుంది. 134ఎ, 227లను కలిపి సాంద్రతను మందుకు దగ్గరగా తెచ్చే పద్ధతి ఒకటుంది. ఒక ఉష్ణోగ్రతకు సరిపోయినా ఇంకో ఉష్ణోగ్రతకు తప్పుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. ముద్దకట్టకుండా చూడటం అంతకంటే ముఖ్యం. వదులుగా కలిసి ఒక్క ఊపుకు విడిపోయే ముద్దలు ఫరవాలేదు. అడుగున గట్టిగా అంటుకుని ఊపినా లేవని పొర ఏర్పడితే ఆ ఫార్ములాను వదిలేయండి. కొత్త ఉత్పత్తుల్లో ఫాస్ఫోలిపిడ్, కాల్షియం క్లోరైడ్‌లతో చేసిన గుల్ల రేణువులకు మందు రేణువులను అంటిపెట్టే పద్ధతి ఉంది. అవి ప్రొపెల్లెంట్‌లో చాలాసేపు నిలకడగా ఉంటాయి.

తొలి ప్రయత్నాలు అల్యూమినియం డబ్బాలో చేయవద్దు. ప్లాస్టిక్ పూత ఉన్న, పీడనం తట్టుకునే గాజు సీసాల్లో నింపి కంటితో చూడండి. గట్టిగా ఊపి, నిలబెట్టి, 15, 30, 60 సెకన్లకు, 5 నిమిషాలకు ఎంత తేటపడిందో రాసుకోండి. గాజు గోడకు తెల్లటి పొర అంటుకుంటే అల్యూమినియానికీ అంటుకునే అవకాశం ఉంది. ఫ్లోరోపాలిమర్ (మందు అంటుకోని ప్లాస్టిక్) పూత ఉన్న డబ్బా వైపు వెళ్ళాల్సిందే. ఈ ఒక్కరోజు పని వారాల తరబడి చేయాల్సిన విశ్లేషణను తప్పిస్తుంది.

ద్రావణాల్లో ముద్దకట్టే బాధ లేదు, ఊపడం మీద మోతాదు ఆధారపడదు. కానీ అక్కడ రేణువు పరిమాణాన్ని మిల్లు నిర్ణయించదు, చుక్క పరిమాణం, అందులోని ఆవిరికాని పదార్థం కలిసి నిర్ణయిస్తాయి. ఇథనాల్ పెరిగితే ఆవిరి పీడనం తగ్గి చుక్కలు పెద్దవవుతాయి, నెమ్మదిగా ఆరతాయి. బెక్లోమెథాసోన్‌కు 8 శాతం ఇథనాల్‌తో చేసిన ద్రావణం సగటున 1.1 మైక్రాన్ల రేణువులనిస్తుంది. ఇంత సన్నగా వద్దనుకుంటే ఆవిరికాని గ్లిజరాల్ కొద్దిగా కలిపి ఎండిన రేణువును పెద్దది చేయవచ్చు. కరిగిన మందు రసాయనికంగా త్వరగా పాడవుతుందన్న మాట మరవకూడదు. శ్వాసనాళాలను వదులుచేసే ఫార్మోటెరాల్ ద్రావణంలో చాలా కొద్దిగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసేది అందుకే. ఆమ్లం వేశాక మామూలు అల్యూమినియం గోడ అనుకూలమో కాదో విడిగా చూసుకోవాలి.

ఒక డబ్బా లెక్క

సల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు, 200 పఫ్‌లు, 50 మైక్రోలీటర్ల వాల్వ్, 134ఎ ఒక్కటే ప్రొపెల్లెంట్ అనుకుందాం.

మనం తూచేది సల్ఫేట్ లవణం. 100 మైక్రోగ్రాముల సల్బుటమాల్‌కు 120.5 మైక్రోగ్రాముల లవణం కావాలి. 50 మైక్రోలీటర్ల 134ఎ బరువు 61 మిల్లీగ్రాములు. అంటే గాఢత బరువులో 0.1975 శాతం. 200 పఫ్‌లకు 12.2 గ్రాములు ఖర్చవుతాయి. దీనిమీద ప్రైమింగ్‌కు (వాడకానికి ముందు వాల్వ్‌ను సిద్ధం చేయడానికి) గాల్లోకి వదిలే తొలి పఫ్‌లు, వాల్వ్ అందుకోలేని అడుగు ద్రవం, నిల్వకాలంలో గాస్కెట్ల గుండా కారిపోయేది, చివరికి ఖాళీ డబ్బా నిండా ఆవిరిగా మిగిలేది కలపాలి. 19 మిల్లీలీటర్ల డబ్బాలో ఆ ఆవిరి ఒక్కటే అర గ్రాము. అన్నీ కలిపి 14.5 గ్రాములు నింపుదాం. మందు 28.6 మిల్లీగ్రాములు. వంద డబ్బాలకు 2.86 గ్రాముల మందు, 1.45 కిలోల మిశ్రమం.

ఆవిరిగా మిగిలేది, కారిపోయేది ప్రొపెల్లెంట్ మాత్రమే. మందు లోపలే ఉంటుంది. అందుకే డబ్బా చివరికొచ్చే కొద్దీ గాఢత కొంచెం పెరుగుతుంది. ఇది లోపం కాదు, ఊహించదగ్గదే. ఆ పెరుగుదల లెక్కకు మించితే లీకును అనుమానించాలి.

ఇదే డబ్బాను 152ఎకు మారిస్తే 50 మైక్రోలీటర్ల బరువు 45.5 మిల్లీగ్రాములకు దిగుతుంది, గాఢత 0.265 శాతానికి పెంచాలి. మందుకూ ద్రవానికీ సాంద్రత తేడా 0.1 దగ్గర నుంచి 0.4 దగ్గరికి చేరి రేణువులు దాదాపు నాలుగు రెట్ల వేగంతో మునుగుతాయి. గ్యాసు మార్చడం అంటే ఉత్పత్తిని కొత్తగా తయారుచేయడమే.

లేబుల్ మీద అంకె విషయంలో కూడా జాగ్రత్త అవసరం. వాల్వ్ నుంచి 100 మైక్రోగ్రాములు బయల్దేరితే యాక్చువేటర్ గోడకు అంటుకోగా నోటికి చేరేది 90 దాకా. సల్బుటమాల్ ఇన్‌హేలర్ మీద బ్రిటన్‌లో 100 అనీ, అమెరికాలో 90 అనీ కనిపించడానికి కారణం కొలిచిన చోటు వేరు కావడమే.

కలపడం, నింపడం

1. పీడన పాత్రను ఆరబెట్టి, లోపలి గాలిని ప్రొపెల్లెంట్ ఆవిరితో వెళ్ళగొట్టండి. తేమ రేణువులను అతికించే జిగురులా పనిచేస్తుంది.

2. తూచిన మందును వేసి, కొంత ప్రొపెల్లెంట్ చేర్చి హై షియర్ మిక్సర్‌తో ముద్దలు విడగొట్టండి, తర్వాత మిగతాది కలపండి. మిక్సర్ పుట్టించే వేడి పీడనాన్ని పెంచుతుంది. పాత్రను చల్లబరుస్తూ ఉండాలి.

3. నింపే తలదాకా మిశ్రమం ఆగకుండా తిరుగుతుండాలి. గొట్టంలో ఒక్క నిమిషం నిలిచినా మొదటి డబ్బాకూ పదో డబ్బాకూ మందులో తేడా వస్తుంది. పాత్ర గోడలకు అంటుకునే మందుకు సరిపడా కొంచెం అదనంగా వేయడం మామూలే. ఎంత వేయాలో నింపిన డబ్బాల విశ్లేషణే చెబుతుంది.

4. ఖాళీ డబ్బాలోని గాలిని తీసేసి వాల్వ్ పెట్టి క్రింప్ చేయండి. గాలి మిగిలితే ఆవిరి పీడనం మీద అదనపు పీడనం చేరి స్ప్రే మారిపోతుంది. క్రింప్ ఎత్తు, వ్యాసం రెండూ కొలవాలి: బిగువు ఎక్కువైతే గాస్కెట్ తెగుతుంది, తక్కువైతే కారుతుంది.

5. కాడ గుండా ఒత్తిడితో నింపి, చివర్లో కాస్త స్వచ్ఛమైన ప్రొపెల్లెంట్ పంపి కాడలో నిలిచిన మందును లోపలికి కడిగేయండి. ఆ కాస్త ప్రొపెల్లెంట్‌నూ ముందే లెక్కలో తీసుకోవాలి.

6. ప్రతి డబ్బానూ తూచండి. 55 డిగ్రీల నీటితొట్టిలో ముంచి బుడగలు, ఉబ్బు చూడండి.

7. కొన్ని వారాలు పక్కన ఉంచి మళ్ళీ తూచండి. గాస్కెట్లు ప్రొపెల్లెంట్‌ను పీల్చి ఉబ్బి కుదురుకోవడానికి ఆ సమయం కావాలి. నెమ్మదిగా కారే డబ్బాలు ఇక్కడే దొరుకుతాయి. ఆ తర్వాత కొన్ని పఫ్‌లు వదిలి వాల్వ్ పనితీరు చూస్తారు.

మందును ఇథనాల్‌లో కలిపి తెరిచిన డబ్బాలో పోసి, క్రింప్ చేశాక ప్రొపెల్లెంట్ పంపే రెండు దశల పద్ధతి ద్రావణాలకు అనువైనది. అన్నిటినీ మరిగే స్థానం కంటే బాగా దిగువకు చల్లబరిచి పోసే పద్ధతి కూడా ఉంది. అయితే చల్లటి ద్రవం గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి పొడిగాలి గది తప్పనిసరి.

పరీక్షల్లో బయటపడేవి

మోతాదు సమతకు యూరోపియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) డబ్బా మొదట్లో 3, మధ్యలో 4, చివర 3 మోతాదులు సేకరించమంటుంది. పదింటిలో కనీసం తొమ్మిది సగటులో 75–125 శాతంలో, అన్నీ 65–135 శాతంలో పడాలి. రేణువుల పరిమాణానికి వాటిని సైజుల వారీగా వేరుచేసే కాస్కేడ్ ఇంపాక్టర్ వాడతారు. 5 మైక్రాన్ల లోపు వాటా ఎంతో చూడటం ముఖ్యం.

రాత్రంతా ఉంచాక తొలి పఫ్ మాత్రమే తక్కువగా వచ్చి తర్వాతివి సరిగా వస్తే, కొలత గదిలోని ద్రవం వెనక్కి జారిందని అర్థం. వాల్వ్ రకం మార్చడమో ప్రైమింగ్ సూచన పెంచడమో చేయాలి. తొలి పఫ్ ఎక్కువైతే మందు గదిలోనో, దాని ముంగిటో పేరుకుంది. మొదటి నుంచి చివరిదాకా అన్నీ ఒకే మోస్తరుగా తక్కువైతే గోడకు అంటుకుందేమో చూడండి: ఖాళీ డబ్బాను బాగా చల్లబరిచి కోసి, గోడనూ వాల్వ్‌నూ విడివిడిగా కడిగి కొలవండి. పఫ్ బరువు సరిగ్గా ఉండి మందు మాత్రమే మారుతుంటే దోషం మిశ్రమంలో, పఫ్ బరువే మారుతుంటే వాల్వ్‌లో ఉంటుంది. ఈ రెంటినీ ఎప్పుడూ కలిపి రాసుకోవాలి. పఫ్ ముందు, తర్వాత డబ్బా తూచని విశ్లేషణ సగం సమాచారమే. యాక్చువేటర్ రంధ్రం చిన్నదైతే తుంపర సన్నగా, నెమ్మదిగా వస్తుంది గానీ సస్పెన్షన్‌తో పూడుకుపోయే ముప్పు పెరుగుతుంది.

వాడేవారికి ఏం చెప్పాలి

కొత్త డబ్బా అయితే, లేదా కరపత్రంలో చెప్పినన్ని రోజులు వాడకుండా ఉంటే, గాల్లోకి కొన్ని పఫ్‌లు వదలాలి. సల్బుటమాల్‌కు కొన్ని ఉత్పత్తుల్లో ఇది 4. సస్పెన్షన్ అయితే ప్రతి పఫ్ ముందు ఊపాలి, ఊపిన వెంటనే నొక్కాలి. ఒకసారి ఊపి వరుసగా రెండు నొక్కితే రెండో మోతాదు మారవచ్చు. రెండింటి మధ్య అర నిమిషమైనా ఆగి మళ్ళీ ఊపాలి. ఊపిరి నెమ్మదిగా వదిలేసి, పెదాలు బిగించి, పీల్చడం మొదలైన క్షణంలో నొక్కాలి. 3 నుంచి 5 సెకన్ల పాటు మెల్లగా, లోతుగా పీల్చి 10 సెకన్లు బిగపట్టాలి. గట్టిగా, వేగంగా పీలిస్తే మందు గొంతు వెనక గోడకే తాకుతుంది. చల్లటి తుంపర గొంతుకు తగిలి పీల్చడం ఆగిపోయేవాళ్ళకు, నొక్కుడూ పీల్పూ కుదరని వాళ్ళకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం) మంచి మార్గం. ప్లాస్టిక్ స్పేసర్‌ను సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. తుడిస్తే స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడకు లాగుతుంది. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో ఫంగస్ పెరగవచ్చు.

యాక్చువేటర్‌ను వారానికోసారి డబ్బా తీసి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. రంధ్రంలో పిన్ను పెట్టి పొడవకూడదు, అర మిల్లీమీటరులోపు ఆ రంధ్రం అంచు చెదిరితే తుంపర చెదురుతుంది. మీటర్ ఉన్న డబ్బాను కంపెనీ సూచన లేకుండా విడదీయవద్దు.

డబ్బాను నీళ్ళలో వేసి తేలుతుందా అని చూడటం వల్ల మందు ఎంతుందో తెలియదు, వాల్వ్‌లోకి నీరు మాత్రం చేరుతుంది. ఊపితే ద్రవం చప్పుడు వస్తోందని వాడకం కొనసాగించడం కూడా తప్పే. 200 పఫ్‌ల డబ్బా 200 తర్వాత కూడా తుంపర ఇస్తుంది, శబ్దం మామూలుగానే ఉంటుంది. కానీ గదికి సరిపడా ద్రవం వాల్వ్‌కు అందక ఒక పఫ్ నిండుగా, మరోటి సగంగా, ఇంకోటి దాదాపు ఖాళీగా వస్తాయి. ఊపిరి ఆడని వేళ ఆ ఖాళీ పఫ్ ఎదురైతే చేతిలో మందున్నా లేనట్టే. లెక్కపెట్టే మీటర్ లేని డబ్బా తెరిచిన రోజే, మొత్తం పఫ్‌లను రోజుకు వాడే పఫ్‌లతో భాగించి, అయిపోయే తేదీని యాక్చువేటర్ మీద చెరగని సిరాతో రాయండి. ఆ తేదీకి వారం ముందే ఇంకో డబ్బా చేతిలో ఉండాలి.